నాలుగున్నర నెలల పాపకు తల వెనుక కుడి వైపు చదునుగా ఉంది. హెల్మెట్ వేయించాలా, ఆగాలా?

పరకాల_పిల్లతల్లి
మా పాపకు నాలుగున్నర నెలలు. తొలి కాన్పు కాబట్టి ఏడో నెలలో తల్లిగారింటికి వచ్చి ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. రెండో నెల నుంచి పాప ఎప్పుడూ కుడి వైపుకే ముఖం తిప్పి పడుకుంటోంది. అటు కిటికీ ఉంది కాబట్టి వెలుతురు చూస్తోందని అనుకున్నాము. పోయిన నెల స్నానం చేయిస్తూ పైనుంచి చూస్తే తల వెనుక కుడి భాగం గోడకు ఆనించి నొక్కినట్టు చదునుగా కనిపించింది. కుడి చెవి ఎడమ చెవి కంటే కొంచెం ముందుకు జరిగి ఉంది, కుడి నుదురు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంది.
హనుమకొండలో ఒక పిల్లల డాక్టరుకు చూపిస్తే కూర్చోవడం మొదలుపెట్టాక అదే సర్దుకుంటుందని చెప్పి రెండు నిమిషాల్లో పంపించారు. మా ఆయన హైదరాబాదులోని ఒక కేంద్రానికి ఫొటోలు పంపితే, ఆరు నెలలు దాటితే ఫలితం ఉండదని, వెంటనే తల ఆకారాన్ని సరిదిద్దే హెల్మెట్ చేయించాలని, దానికి లక్షన్నర దాకా అవుతుందని అదే రోజు జవాబు ఇచ్చారు. ఒకరు ఏమీ వద్దంటే ఇంకొకరు ఇప్పుడే అంటున్నారు.
మా అత్తమ్మ ఫోనులో "తల్లిగారింట్ల పిల్ల తల సరిగ్గ వత్తలేదు" అన్నది. మా అమ్మ ఆ మాటకు నొచ్చుకుని ఆవాల దిండు కుట్టి పెట్టింది. తొమ్మిదో నెలలో వేములవాడలో పుట్టు వెంట్రుకలు తీయించాలని అత్తగారింట్లో నిర్ణయించారు. గుండు చేశాక అక్కడున్న బంధువులందరి కళ్ళూ ఈ తల మీదే ఉంటాయి. నేను ఏమి చేయాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

సింగరేణి_తాత
ఏమీ చేయవలసిన అవసరం లేదు బిడ్డా. నా తల వెనుక భాగం ఇప్పటికీ పలకలాగే ఉంటుంది. ముప్పై రెండేళ్ళు అదే తలకు గని టోపీ పెట్టుకుని బావిలోకి దిగాను, టోపీ ఒక్కసారి కూడా జారలేదు.

కాజీపేట_రైలుబండి
తాతగారి మాట వినడానికి బాగుంది కానీ ఆ కాలానికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పుడు ఇంటినిండా మనుషులు ఉండేవారు. పిల్ల నేల మీద కంటే చంకలోనే ఎక్కువ సేపు గడిపేది. ఇప్పుడు ఇద్దరే ఉండే ఇంట్లో పిల్లలు గంటల తరబడి ఒకే తీరుగా వెల్లకిలా ఉంటున్నారు.
వెల్లకిలా పడుకోబెట్టడం తప్పని నేను అనడం లేదు. నిద్రలో పసిపిల్లలు ఉన్నట్టుండి చనిపోవడాన్ని తగ్గించడానికి అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో ఆ సలహా ఇచ్చింది, 1994లో దాన్ని దేశమంతా ప్రచారం చేశారు, అక్కడ అటువంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ తరువాతే చదును తలల కేసులు పెరిగాయి. కాబట్టి తల చదునైందని పిల్లను బోర్లా పడుకోబెట్టి నిద్రపుచ్చడం మాత్రం చేయవద్దు.

ఫిజియో_జమ్మికుంట
నేను పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను. మీరు రాసిన దానిలో అందరూ చదును గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం "ఎప్పుడూ కుడి వైపుకే ముఖం తిప్పి" అన్న మాట దగ్గర ఆగాలనిపించింది. తల చదును కావడం చాలాసార్లు ఫలితమే తప్ప కారణం కాదు. మెడలో చెవి వెనుక నుంచి గొంతు కింది ఎముక దాకా వచ్చే కండరం ఎడమ వైపు బిగుసుకుని ఉంటే, తల ఎడమ భుజం వైపు వాలి గడ్డం కుడికి తిరుగుతుంది. అప్పుడు పిల్ల ఎంత ప్రయత్నించినా ఎడమకు పూర్తిగా తిరగలేదు, బరువంతా వెనుక కుడి వైపే పడుతుంది. మెడను వదిలేసి తలను మాత్రమే సరిచేయాలనుకుంటే, కారుతున్న పైకప్పు కింద గిన్నె పెట్టినట్టే అవుతుంది.
ఇంట్లో ఇలా చూడండి. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాలు కదలకుండా మరొకరు మెల్లగా పట్టుకోవాలి. మీరు ఒక గిలక్కాయను కళ్ళ ముందు నుంచి ఒక వైపుకు, తరువాత రెండో వైపుకు తీసుకువెళ్ళండి. గడ్డం రెండు భుజాల దాకా సమానంగా వస్తోందా, లేక ఒక వైపు సగంలోనే ఆగి ఒళ్ళంతా తిప్పేస్తోందా గమనించండి. చేతితో బలవంతంగా తిప్పవద్దు. మొదటి నెలల్లో మెడ మీద చిన్న గడ్డలాంటిది తగిలిందేమో కూడా గుర్తు చేసుకోండి.
మెడ బిగువు ఉంటే, త్వరగా మొదలుపెట్టిన వ్యాయామాలతో చాలా మంది పిల్లలకు మొదటి ఏడాదిలోనే సరిపోతుంది. ఆ వ్యాయామాలను వీడియోలు చూసి చేయవద్దు. ఒక్కసారైనా చేయి పట్టి చూపించే మనిషి దగ్గర నేర్చుకోండి.

గంపెడు_ప్రశ్నలు
మాడు మెత్తగానే ఉందా? తల మీద ఎక్కడైనా గట్టుగట్టిన గీత లాగా తగులుతోందా? పుట్టినప్పటి నుంచే ఈ ఆకారం ఉందా, తరువాత వచ్చిందా? ఈ మూడు చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పడవతల_నాన్న
గంపెడు_ప్రశ్నలు గారు అడిగిన రెండో ప్రశ్నను మమ్మల్ని ఎవరూ మొదట అడగలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.
మా బాబు తల పుట్టినప్పటి నుంచే వెడల్పు తక్కువగా, ముందు నుంచి వెనుకకు సాగినట్టు ఉండేది. మా వాడకట్టులో అందరూ "పడవ తల, రాజయోగం" అని మురిసిపోయారు, మేము కూడా మురిసిపోయాము. మూడో నెలలో టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు అక్కడి నర్సు నడినెత్తి మీద వేలు పెట్టి, ఇక్కడ గట్టులాగా తగులుతోంది, పెద్ద డాక్టరుకు చూపించండి అన్నది. పుర్రె ఎముకల మధ్య ఉండవలసిన అతుకు ముందే మూసుకుపోయిందని అప్పుడు తెలిసింది. దాదాపు 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక అతుకు ఇలా ముందుగా కలిసిపోతుందట. దీనికి దిండు, మాలిష్, పడుకోబెట్టే తీరు ఏవీ పనిచేయవు. ఆపరేషన్ చేయాలి. చిన్న కోతతో చేసే పద్ధతికి మొదటి మూడు నాలుగు నెలలే అనుకూలమని, ఆ సమయం దాటితే పెద్ద ఆపరేషన్ అవుతుందని చెప్పారు. అది మూడో నెలలోనే తెలియడం మా అదృష్టం. హైదరాబాదులో న్యూరోసర్జన్లే చేశారు. బాబుకు ఇప్పుడు ఆరేళ్ళు, బడికి పోతున్నాడు.
మీ పాపకు ఇదే ఉందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీరు రాసిన గుర్తులు వేరుగా ఉన్నాయి. చదునైన వైపు చెవి ముందుకు జరిగి, అదే వైపు నుదురు ముందుకు వస్తే అది పడుకోవడం వల్ల వచ్చిన వంకర అయ్యే అవకాశమే ఎక్కువని మా సర్జన్ చెప్పారు. పైనుంచి చూస్తే పక్కకు తోసిన చతురస్రంలాగా ఉంటుందట. వెనుక అతుకు మూసుకుపోయిన అరుదైన కేసుల్లో అయితే ఆ వైపు చెవి వెనక్కీ కిందికీ లాగినట్టు ఉంటుందట. అయినా ఫొటో చూసి తేల్చే విషయం కాదు. తల మీద చేయి వేసి చూసిన డాక్టరు మాటే నమ్మండి.

కొత్తవాడ_నేతకారుడు
పాడైన మగ్గం మీద నేసిన దుప్పటి మూలలు కూడా సరిగ్గా అలాగే పక్కకు తోసినట్టు ఉంటాయి. సర్జన్ గారి పోలిక నాకు వెంటనే అర్థమైంది.

పరకాల_పిల్లతల్లి
అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. మాడు మెత్తగానే ఉంది. గట్టు ఏదీ చేతికి తగలలేదు. పుట్టినప్పుడు తీసిన ఫొటోలు మళ్ళీ చూశాను, అప్పుడు తల గుండ్రంగానే ఉంది. ఫిజియో గారు చెప్పిన పరీక్ష మా తమ్ముడు భుజాలు పట్టుకుంటే చేశాను. కుడికి గడ్డం భుజం దాకా వచ్చింది. ఎడమకు సగం వచ్చి ఆగిపోయి, ఏడుస్తూ నడుముతో సహా తిరిగింది. మూడు సార్లు చేసినా అంతే. పాలు తాగేటప్పుడు ఒక వైపే ఇష్టపడటం కూడా దీనివల్లే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. నేను అది నా పాల లోపమని నెలన్నర బాధపడ్డాను.

ఫిజియో_జమ్మికుంట
అయితే మెడనే ముందు చూపించండి. హెల్మెట్ గురించి నిర్ణయం నెల రోజులు ఆగగలదు, మెడ ఆగకూడదు.

హెల్మెట్_ఇంటివాళ్ళం
నేను వేరే మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ ఆగమనే వైపుకు ఒరుగుతున్నారు. మా బాబుకు అందరూ "సర్దుకుంటుంది" అని చెబుతూ ఏడో నెల దాకా లాగారు. మెడలో బిగువు లేదు, అతుకులు బాగున్నాయి, రెండు నెలలు పడుకోబెట్టే తీరు మార్చాము, అయినా తలను పైనుంచి చూసి మూల నుంచి మూలకు తీసిన రెండు కొలతల తేడా 12 శాతం ఉంది. ఒక కన్ను చిన్నదిగా, ఒక చెంప ముందుకు వచ్చినట్టుగా కనిపించేది. అప్పుడు హెల్మెట్ వేయించాము. నవంబరులో మొదలుపెట్టి మార్చి చివరిదాకా రోజుకు 23 గంటలు ఉంచాము, స్నానానికి మాత్రమే తీసేవాళ్ళం. జ్వరం వచ్చిన మూడు రోజులూ తీసేయమన్నారు. రెండు మూడు వారాలకు ఒకసారి కాజీపేటలో బండి ఎక్కి హైదరాబాదు వెళ్ళి లోపలి మెత్త కోయించుకుని రావాలి. డబ్బు కంటే ఆ ప్రయాణాలే మమ్మల్ని ఎక్కువ అలసిపోయేలా చేశాయి. చివరికి తేడా 6 శాతానికి దిగింది. మేము చేసిన పనికి చింతించడం లేదు.
హెల్మెట్ తలను నొక్కుతుందని చాలా మంది అనుకుంటారు. అది నొక్కదు. ఉబ్బిన చోట ఆనుకుని ఉండి, చదునైన చోట ఖాళీ వదులుతుంది; తల పెరిగేటప్పుడు ఆ ఖాళీలోకి పెరుగుతుంది. అందుకే తల వేగంగా పెరిగే నెలల్లో వేస్తేనే పని త్వరగా జరుగుతుంది.

నక్కలగుట్ట_నాన్న
హనుమకొండ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసులు ఆపినా జరిమానా పడని ఒకే ఒక్క కుటుంబం మీదే అయి ఉంటుంది.

హెల్మెట్_ఇంటివాళ్ళం
ఆ పరిహాసం మా బావ రోజుకు రెండు సార్లు చేసేవాడు. అయినా నవ్వాము.

నర్సంపేట_లెక్కల_సారు
హెల్మెట్_ఇంటివాళ్ళం వారి అనుభవాన్ని నేను కాదనడం లేదు. కానీ ఒక్క పిల్లవాడి విషయంలో హెల్మెట్ వల్ల ఎంత మారింది, పెరగడం వల్ల ఎంత మారింది అన్నది విడదీయలేము. విడదీయడానికి నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన చేశారు. అది 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అయిదారు నెలల వయసు ఉన్న 84 మంది పిల్లలను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆరు నెలల పాటు హెల్మెట్ వేశారు, రెండో జట్టును సహజంగా పెరగనిచ్చారు. రెండేళ్ళ వయసులో మళ్ళీ కొలిస్తే, హెల్మెట్ వేసిన జట్టులో పూర్తిగా సరైనవాళ్ళు 26 శాతం, వేయని జట్టులో 23 శాతం. అంటే చెప్పుకోదగిన తేడా లేదు. హెల్మెట్ జట్టులో నూటికి 96 మంది పిల్లలకు చర్మం కందింది. పిల్లను గుండెకు హత్తుకోవడానికి అది అడ్డుగా ఉందని నూటికి 77 మంది తల్లిదండ్రులు చెప్పారు. ఈ చివరి అంకె చదివినప్పుడు నేను చాలా సేపు ఆలోచించాను.
ఇంకొక మాట. "ఆరు నెలలు దాటితే ఫలితం ఉండదు" అన్నది అమ్మేవాళ్ళ తొందర. అమెరికాలో ఇటువంటి హెల్మెట్లకు అనుమతి ఇచ్చిన వయసు 3 నుంచి 18 నెలలు. వయసు పెరిగేకొద్దీ ఫలితం నెమ్మదిస్తుందన్నది నిజమే కానీ, ఒక నెల కొలిచి చూసేంత వ్యవధి మీకు ఉంది.

హెల్మెట్_ఇంటివాళ్ళం
సారు గారు ఆ పరిశోధనలో ఎవరిని చేర్చుకోలేదో చెప్పకుండా వదిలేశారు. మెడ బిగువు ఉన్నవాళ్ళను, నెలలు నిండక పుట్టినవాళ్ళను, వంకర మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళను తీసుకోలేదు. అంటే మా బాబులాంటి వాడు అందులో లేనే లేడు. హెల్మెట్ సరిగ్గా అమరక జరిగిపోయేదని అందులోని తల్లిదండ్రులే చాలా మంది చెప్పారు. అమరని చెప్పు వేసుకుని నడవలేకపోతే చెప్పులన్నీ పనికిరావని తీర్పు ఇవ్వలేము కదా.

నర్సంపేట_లెక్కల_సారు
ఒప్పుకుంటాను. ఒక మోస్తరు వంకరకు ఆ ఫలితం వర్తిస్తుంది, మీ 12 శాతానికి వర్తించదు. నా వాదన కూడా అక్కడికే వస్తోంది: కొలవకుండా నిర్ణయించవద్దు. ఈ చర్చ మొదలుపెట్టిన అమ్మాయికి ఇప్పటిదాకా ఎవరూ కొలత తీయలేదు. ఒకరు చూపుతో చెప్పారు, ఇంకొకరు ఫొటోతో చెప్పారు.
కొలత అంటే పెద్ద విద్య కాదు. పైనుంచి చూసినప్పుడు ఎడమ నుదుటి మూల నుంచి వెనుక కుడి మూల దాకా ఒక కర్ణం, కుడి నుదుటి మూల నుంచి వెనుక ఎడమ మూల దాకా ఇంకొక కర్ణం. రెంటి తేడాను పెద్ద కర్ణంతో భాగించి నూరుతో గుణించాలి. ఎక్కువగా వాడే ఒక కొలమానం ప్రకారం 3.5 శాతం లోపల ఉంటే మామూలు తల, ఎందుకంటే ఎవరి తలా అచ్చు గుండ్రంగా ఉండదు. 6.25 దాకా స్వల్పం, 8.75 దాకా మధ్యస్థం, 11 దాకా ఎక్కువ, ఆ పైన మరీ ఎక్కువ. దీనికి విశాలమైన కొమ్ములు ఉన్న కాలిపర్ కావాలి. దయచేసి మీ తమ్ముడి ఇంటర్ ల్యాబ్ నుంచి వెర్నియర్ తెప్పించవద్దు.

పరకాల_పిల్లతల్లి
మా తమ్ముడు ఇప్పటికే తెస్తానని అన్నాడు, ఆపాను.

ఓరుగల్లు_అమ్మమ్మ
ఇరవై ఒకటో దినం తొట్టెల వేసేదాకా ఆవాల దిండు పెట్టి, స్నానం పోసేటప్పుడు ఆముదం రాసి రెండు అరచేతులతో తల గుండ్రంగా వత్తితే మా పిల్లలందరి తలలూ ముత్యాల్లాగా వచ్చాయి. మీరు కొలతలు, కర్ణాలు అంటూ ఎక్కడికో వెళ్ళిపోయారు.

గంపెడు_ప్రశ్నలు
అమ్మమ్మా, నూనె రాయడం, మెల్లగా నిమరడం వల్ల పిల్లకు హాయిగా ఉంటుంది, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. వత్తితే ఎముక ఆకారం మారదు. పిల్ల తల వారానికి వారం లోపలి నుంచి పెరుగుతూ ఆకారం తెచ్చుకుంటుంది. గట్టిగా వత్తితే మాత్రం హాని జరగవచ్చు.

కాజీపేట_రైలుబండి
దిండు సంగతి స్పష్టంగా చెప్పాలి. ఏడాది లోపు పిల్లలకు నిద్రలో ఏ దిండూ ఉండకూడదు. తలను గుండ్రంగా చేస్తాయని అమ్మే నడుమ గుంట ఉన్న దిండ్లను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది, ఎందుకంటే పిల్ల జారి ముఖం అందులో కూరుకుపోతే ఊపిరి ఆడదు. ఆన్‌లైనులో మన దగ్గర కూడా అవే అమ్ముతున్నారు. ఆవాల దిండు కుట్లు ఊడితే గింజలు నోట్లోకీ ముక్కులోకీ పోయే ప్రమాదం దానికి అదనం.

ఓరుగల్లు_అమ్మమ్మ
మేము కుట్టిన దిండు కుట్లు ఊడవు. అయినా పిల్ల పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు ఎవరూ ఉండరు, అది నిజమే.

మట్టెవాడ_వదినె
మీకు ఎదురయ్యే ఒక చిక్కు ముందే చెబుతున్నాను. పాప ఎడమకు తిరగాలంటే మంచం మీద తల ఉన్న చోట కాళ్ళు వచ్చేలా తిప్పి పడుకోబెట్టమంటారు, అప్పుడు కిటికీ ఎడమ వైపు వస్తుంది. మా ఇంట్లో మంచం ఉత్తర దక్షిణాలుగా ఉండేది. తిప్పగానే తల ఉత్తరానికి వచ్చింది. మా అత్తమ్మ చూసి ఇల్లు అదిరేలా కోప్పడింది. రెండు రోజులు నేను తిప్పడం, ఆమె మళ్ళీ తిప్పడం జరిగింది. మూడో రోజు మా మామయ్య మంచాన్నే తూర్పు పడమరలుగా జరిపారు. ఒక రోజు తూర్పు తల, మరుసటి రోజు పడమర తల. అత్తమ్మకు శాస్త్రం దక్కింది, పాపకు మెడ తిరిగింది.

ఫిజియో_జమ్మికుంట
మట్టెవాడ_వదినె గారి మామయ్యకు నేను డిగ్రీ ఇస్తాను. ఈ ఉపాయాన్ని మా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ చెప్పబోతున్నాను.
చీర తొట్టెల గురించి కూడా ఎవరూ ఎత్తలేదు. తొట్టెలలో పిల్ల ఒళ్ళు వంగి, తల ఒకే వైపు ఒరిగి ఇరుక్కుంటుంది. బిగువున్న మెడకు అది పనికిరాదు. ఏడిస్తే ఊరడించడానికి కాసేపు ఊపండి, కానీ నిద్ర మాత్రం చదునైన పరుపు మీదే కావాలి. పగలు మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి బోర్లా పడుకోబెట్టండి. ఏడు వారాల పిల్లలకే రోజు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలు చెబుతారు, మీ పాపకు అంతకంటే ఎక్కువే చేయవచ్చు. ఒకేసారి అవసరం లేదు. ఏడిస్తే మీ ఛాతీ మీద వేసుకోండి, అది కూడా లెక్కలోకి వస్తుంది.

మంచిర్యాల_కవలలు
నెలలు నిండక పుట్టిన కవలల తల్లిగా ఒక్క విషయం చెబుతాను. కడుపులో కింద ఇరుకుగా ఉన్న బాబుకే తల చదును, మెడ బిగువు రెండూ వచ్చాయి; పైన ఉన్న పాపకు ఏదీ రాలేదు. ఇద్దరినీ ఒకే తీరుగా పెంచాను, ఒకే నూనె రాశాను. అందుకే ఎవరైనా "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అంటే నేను ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపిస్తాను. ఫిజియోథెరపీతో మెడ పదో నెలకు సరైంది. తల మూడేళ్ళకు కూడా కొంచెం చదునుగానే ఉంది, జుట్టులో కనిపించదు.

భూపాలపల్లి_బాపు
ఆడపిల్ల కదా, రేపు జడ వేస్తే ఎవరికి కనిపిస్తుంది? లక్షన్నర పెట్టవలసిన పని లేదు. మగపిల్లవాడైతే ఆలోచించాలి.

మట్టెవాడ_వదినె
ఈ మాటను రెండు వైపుల నుంచీ విన్నాను. మా మరదలికి "ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి, అందుకే ఖర్చైనా వేయించు" అన్నారు. ఒకే ఆడపిల్లతనం ఒక ఇంట్లో ఖర్చు పెట్టడానికీ, ఇంకొక ఇంట్లో పెట్టకపోవడానికీ కారణమవుతోంది. తల కొలత ఎంత, మెడ ఎలా ఉంది అన్నవి చూసి నిర్ణయించండి.

భూపాలపల్లి_బాపు
నా ఉద్దేశం అది కాదు కానీ, మీరు చెప్పింది సరైనదే. వెనక్కి తీసుకుంటున్నాను.

నక్కలగుట్ట_నాన్న
అసలు భయం వేరే ఉంది. తల చదునైతే మెదడు నొక్కుకుపోతుందా? మా ఇంట్లో ఈ ప్రశ్నకే నిద్ర పట్టలేదు.

పడవతల_నాన్న
మా సర్జన్‌ను నేను ఇదే అడిగాను. పడుకోవడం వల్ల వచ్చిన చదునులో అతుకులు తెరిచే ఉంటాయి కాబట్టి మెదడుకు చోటు తగ్గదు, ఒక వైపు తగ్గిన చోటు ఇంకొక వైపు దొరుకుతుంది. అయితే ఇటువంటి పిల్లల్లో కొందరికి మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం కొంచెం ఆలస్యమవుతాయని గమనించారు. తల వంకర వల్లే ఆలస్యం వస్తుందని తేలలేదట. ఆలస్యంగా కదిలే పిల్ల ఒకే తీరుగా ఎక్కువ సేపు పడుకుంటుంది కాబట్టి తల వంకర వచ్చి ఉండవచ్చని ఆయన వివరించారు. కాబట్టి ఎదుగుదల మీద ఒక కన్ను వేసి ఉంచండి.

పరకాల_పిల్లతల్లి
వారం తరువాత రాస్తున్నాను. వరంగల్‌లో ఇంకొక పిల్లల డాక్టరుకు చూపించాము. ఈమె పాప తలను పైనుంచి, వెనుక నుంచి, ముందు నుంచి చూసి, అతుకుల మీద వేళ్ళతో నెమ్మదిగా తడిమి, మూసుకున్నట్టు లేవని, ఎక్స్‌రే గానీ స్కాన్ గానీ అవసరం లేదని చెప్పారు. మెడలో ఎడమ కండరం బిగువుగా ఉందని రాసి ఫిజియోథెరపీకి పంపారు. కర్ణాలు 132, 122 మిల్లీమీటర్లు వచ్చాయి. సారు గారి లెక్క ప్రకారం 7.6 శాతం, అంటే మధ్యస్థం.
హెల్మెట్ గురించి అడిగితే, మెడ సరిచేస్తూ రెండు నెలలు చూద్దాం, అప్పటికి తగ్గకపోతే మళ్ళీ మాట్లాడదాం అన్నారు. మా ఆయనకు ఇంకా అనుమానంగానే ఉంది. సమయం పోతుందేమోనన్నది ఆయన బాధ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు 23 గంటలు హెల్మెట్ పెట్టడం నాకు ఊహకే అందలేదు. ఇద్దరం ఒక తేదీ రాసుకున్నాము. ఆ తేదీన కొలత 6.25 కంటే పైనే ఉంటే ఆయన మాట, కిందికి దిగితే నా మాట.

హెల్మెట్_ఇంటివాళ్ళం
తేదీ రాసుకోవడం మంచి పని. మేము అది చేయకనే ఏడో నెల దాకా లాగాము. "చూద్దాం" అనే మాటకు తేదీ లేకపోతే అది ఎప్పటికీ చూద్దాంగానే ఉంటుంది.

నర్సంపేట_లెక్కల_సారు
రెండు వారాలకు ఒకసారి తలను తడిపి, కనుబొమ్మల ఎత్తున ఒక పట్టీ చుట్టి, ఫొటోలో ముక్కు పై అంచు వైపు వచ్చేలా తలను పైనుంచి తీసి ఉంచండి. రోజూ చూసే కళ్ళకు మార్పు కనిపించదు.

సింగరేణి_తాత
నా తల ఫొటో కూడా పెడదామనుకున్నాను, మా ఇంటావిడ వద్దన్నది.

పరకాల_పిల్లతల్లి
రాసుకున్న తేదీ నిన్న వచ్చింది. పాపకు ఆరున్నర నెలలు. పది రోజులుగా దానంతట అదే బోర్లా పడుతోంది, పడుకోబెట్టిన తీరులో ఉండటమే లేదు. మెడ ఎడమకు దాదాపు పూర్తిగా తిరుగుతోంది. ఆఖరు కొంచెం మాత్రం ఇంకా బిగువు ఉంది. కర్ణాలు 137, 129. తేడా 5.8 శాతం. డాక్టరే కాకుండా ఫిజియో కూడా విడిగా కొలిచారు, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అదే వచ్చింది. హెల్మెట్ వద్దని నిర్ణయించాము. మా ఆయన లెక్క చూసి ఏమీ అనలేదు, కానీ తొమ్మిదో నెలలో ఇంకొకసారి కొలిపించాలని క్యాలెండరులో రాశాడు. చెవి ఇంకా కొంచెం ముందుకే ఉంది. అది పూర్తిగా సర్దుకుంటుందని డాక్టరు మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు.
మంచం తూర్పు పడమరలుగానే ఉంది. నెల క్రితం అత్తగారింటికి వచ్చినప్పుడు మొదట చేసిన పని అదే. మా అత్తమ్మకు తల కొలిచే సంగతి నచ్చలేదు కానీ, మధ్యాహ్నం పాపను అద్దం ముందు బోర్లా పడుకోబెట్టే పని ఇప్పుడు ఆమెదే. ఎడమ వైపు నుంచే పిలుస్తుంది.

కాజీపేట_రైలుబండి
పుట్టు వెంట్రుకల సంగతి ఏమైంది?

పరకాల_పిల్లతల్లి
తొమ్మిదో నెలలోనే, వేములవాడలోనే. వాయిదా వేయమని అడుగుదామనుకున్నాను, ఇప్పుడు అడగదలచుకోలేదు.

మట్టెవాడ_వదినె
ఆ ఆవాల దిండు ఏమైంది?

పరకాల_పిల్లతల్లి
మామిడికాయల కాలం కదా, మా అమ్మ దిండు విప్పి ఆవాలు ఎండబెట్టి తొక్కులో వేసింది. ఒక జాడీ అత్తగారింటికి కూడా పంపింది. ఇక్కడ అందరూ రుచి బాగుందని తింటున్నారు, ఆవాలు ఎక్కడివో నేను చెప్పలేదు.

ఓరుగల్లు_అమ్మమ్మ
రెండు నెలలు తల కింద ఉన్న ఆవాలా? కడిగి ఎండబెట్టిందా, ఉత్తగానే ఎండబెట్టిందా?